ఒళ్లు చేసిన ఏడాది

నేను పెద్దమనిషినైన రోజున మా నాయనమ్మ నాచేత పచ్చి కోడిగుడ్డు తాగించింది. స్టీలు గ్లాసులో గుడ్డు కొట్టి, దాని మీద నువ్వుల నూనె పోసి, ముక్కు మూసుకుని ఒక్క గుక్కలో మింగమంది. సొన గొంతు దాకా వెళ్లి అక్కడే ఆగింది. లోపలికీ పోదు, బయటికీ రాదు. కళ్ల వెంట నీళ్లు కారుతుంటే నాయనమ్మ నా గడ్డం పట్టుకుంది.

"కక్కీసేవంటే ఇంకోటి కొడతాను. నడుం గట్టిపడాలే గుంటా, ఏటనుకున్నావు!"

అప్పుడు నేను ఎనిమిదో తరగతి. తొంభైల నడుమ సంగతి. నాన్న నర్సీపట్నం బస్సు డిపోలో మెకానిక్కు. అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. తాతల కాలం నుంచీ మాది మిషన్ చర్చి కుటుంబం. అందుకని నన్ను కూర్చోబెట్టినప్పుడు హారతులూ అక్షింతలూ లేవు. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేసి వెళ్లారు, అంతే తేడా. తినిపించడం మాత్రం అందరి ఇళ్లలో జరిగినట్టే జరిగింది. కొయ్యూరు దారిలో ఉన్న ఊరి నుంచి నాయనమ్మ నువ్వులూ బెల్లమూ కలిపి దంచిన చిమ్మిలి డబ్బాతో తెచ్చింది. ఉండ చేతిలో పెడితే నూనె వేళ్ల సందుల్లోంచి మోచేతి దాకా కారేది. మింగేదాకా ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని నా నోటి వైపే చూసేవారు.

ఆ తర్వాత ఒళ్లు మారింది. ఏ ఆడపిల్లకైనా మారేదే. కానీ ఎవరూ చెప్పలేదు, చిమ్మిలి మాత్రం పెట్టారు. చెమట వాసన మారింది, మొహం నిండా మొటిమలు వచ్చి చీము పట్టాయి. పాత గౌన్లు చంకల దగ్గర పిగిలిపోయాయి. రాత్రికి రాత్రి నన్ను ఇంకెవరి ఒంట్లోకో తోసేసినట్టుండేది.

మా పెద్దత్త, అంటే నాన్న అక్క, యలమంచిలిలో ఉండేది. వచ్చినప్పుడల్లా సంతలో మేకను బేరమాడేవాళ్లు చూసినట్టు నా జబ్బ పిసికి చూసేది.

"ఒలమ్మా, అచ్చు ఆళ్లమ్మ పోలికే వచ్చీసింది. ఇంకో రెండేళ్లు పోతే ఈ గుంట గుమ్మంలో పట్టదు."

అమ్మది భారీ శరీరం. కుట్టుమిషను దగ్గర తల వంచుకుని సూదిలోకి దారం ఎక్కిస్తూ ఉండిపోయింది. సూది బెజ్జం ఆమెకు చాలాసేపు దొరకలేదు.

నాకు ఆకలి పోలేదు. అసహ్యం వచ్చింది. ఆ రెండూ వేరని ఇప్పుడైతే చెప్పగలను, అప్పుడు ఎవరికీ చెప్పలేకపోయాను. ఆదివారం చర్చి నుంచి రాగానే పొయ్యి మీద మాంసం ఉడికేది. మూత తీస్తే పైన పసుప్పచ్చగా కొవ్వు తేలేది. నాన్న ఎముకలో మూలుగు పీల్చే చప్పుడు, తమ్ముడు పెరుగన్నం పిసుకుతుంటే వేళ్ల మధ్య నుంచి జారే తెల్లటి ముద్ద, ఎంగిలి కంచాల మీద గట్టిపడిన మెతుకులు. అందరూ ఇంత హాయిగా ఎలా తింటున్నారో అర్థమయ్యేది కాదు. వేసవిలో జీడితోటల వైపు నుంచి గాలి వీస్తే, రాలి కుళ్లిన జీడిపళ్ల పులిసిన వాసన ఇంటి దాకా వచ్చేది. అన్నం ముద్దలోనూ అదే వాసన తగిలేది నాకు.

పదో తరగతిలో ఉండగా ఈస్టరుకు ముందు శ్రమదినాలు వచ్చాయి. చర్చిలో పెద్దవాళ్లు ఉపవాసాలుంటారు. నేనూ ఉంటానన్నాను. ఇంట్లో ఎవరూ కాదనలేదు. దేవుడి పేరు చెబితే కంచం ముందు కూర్చోమని బలవంతపెట్టే మనిషి మా ఇంట్లో లేరు. స్త్రీల కూడికలో పాస్టరమ్మగారు నన్ను లేపి నిలబెట్టారు.

"ఈ చిన్నబిడ్డకి ఎంత ప్రార్థన భారముందో చూడండమ్మా. ప్రభువు నీకేం చేశాడో సాక్ష్యం చెప్పు తల్లీ."

నేనేదో చెప్పాను. అందరూ స్తోత్రం, స్తోత్రం అన్నారు. ముందు వరసలో కూర్చున్న ఒకావిడ కళ్లు తుడుచుకుంది. ఆవిడ నోట్లో కిళ్లీ నలుగుతోంది, పెదవి చివర ఎర్రటి రసం ఊరుతోంది. నేను దాన్నే చూస్తూ సాక్ష్యం ముగించాను.

ఈస్టరు వెళ్లింది. అందరూ ఉపవాసాలు విడిచారు, నేను విడవలేదు. మే నెల ఎండకు రోడ్డు మీద తారు మెత్తబడి చెప్పులకు అంటుకునే రోజుల్లో నాకు చలేసేది. చేతుల మీద పసిపిల్లలకు ఉండేలాంటి నూగు మొలిచింది. దువ్వెన నిండా జుట్టు వచ్చేది. నెలసరి ఆగిపోయింది. నాకు హాయిగా అనిపించింది. ఆ గుడ్డు తాగకముందు నాకున్న ఒంట్లోకి తిరిగి వెళ్లిపోతున్నాననుకున్నాను.

ఆ ఆగిపోవడాన్నే అమ్మ ముందు పట్టుకుంది. పెరట్లో దండెం మీద నా గుడ్డలు ఆరడం లేదని గమనించింది. ఒక మధ్యాహ్నం మిషను ఆపి తలుపు వేసింది.

"ఎవడే?"

"ఏటమ్మా?"

"ఎవడే అని అడుగుతున్నాను. నెలలు దాటిపోతన్నాయి, నాకు కళ్లు లేవనుకున్నావేటే?"

నాకు అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. ఎవరూ లేరంటే నమ్మలేదు. ఎముకలు బయటపడిన నా మెడ ఆమెకు ఎదురుగానే ఉంది. దాన్ని వదిలేసి ఆమె కళ్లు నా పొట్ట వైపే తిరుగుతున్నాయి.

నర్సీపట్నంలో అయితే తెలిసిన మొహాలు ఉంటాయని నన్ను బస్సెక్కించి పాయకరావుపేట తీసుకెళ్లింది. అక్కడ ఒక నర్సింగ్ హోములో లేడీ డాక్టరు చూసింది. సీసాలో మూత్రం పట్టి ఇమ్మన్నారు. ఆ సీసా మీద అంతకుముందు ఎవరి పేరో రాసి అంటించిన కాగితం సగం చిరిగి ఉంది, లోపల అడుగున పసుపు చార ఉంది. ఆ చార నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది. పరీక్ష అయ్యాక డాక్టరు అమ్మతో, "అలాంటిదేమీ లేదమ్మా. రక్తం తక్కువగా ఉంది, బాగా తిండి పెట్టండి" అంది. ఏం తింటున్నావు, అసలు తింటున్నావా అని నన్ను అడగలేదు. ఇనుము టానిక్కు రాసి పంపించేసింది.

బయటికి రాగానే అమ్మ నన్ను కౌగిలించుకుని బస్టాండులో అందరి ముందూ ఏడ్చింది. "స్తోత్రం ప్రభువా, నా పరువు నిలబెట్టావు" అంది. చెమటకు తడిసిన ఆమె జాకెట్టు నా బుగ్గకు అంటుకుంది. సంతోషంతో వేడి పకోడీలు పొట్లం కట్టించి నా ఒళ్లో పెట్టింది. న్యూస్ పేపరులోంచి నూనె దిగి నా లంగాకు మరక పట్టింది. బస్సు కదిలాక ఆమె అటు తిరిగినప్పుడు పొట్లాన్ని కిటికీలోంచి పారేశాను. చేతులకంటిన నూనె ఇల్లు చేరేదాకా పోలేదు.

టానిక్కు తాగినా నేను తేరుకోలేదు. అప్పుడు పక్కింటివాళ్లు మా వీధి చివరి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమన్నారు. ఆయన నిజానికి డాక్టరు కాడు. ఎక్కడో కాంపౌండరుగా చేసి, సూదులు వెయ్యడం నేర్చుకుని, సొంతంగా గది తెరిచి పేరు ముందు డాక్టరని రాయించుకున్నాడు. గది నిండా స్పిరిటు వాసన, నేల మీద వాడిపారేసిన దూది. నా కళ్లకింద చర్మం లాగి చూసి, కాగితం పొట్లంలో చిన్న చిన్న తెల్ల మాత్రలు కట్టాడు. వాటికి అట్టా లేదు, పేరూ లేదు.

"బలం మాత్రలండి. రోజూ వెయ్యండి. ఇంకో నెలకి పిల్లని మీరే గుర్తుపట్టలేరు."

ఆ మాట మాత్రం నిజమే అయింది.

ముందుగా వచ్చింది ఆకలి. అది నేనెరిగిన ఆకలి కాదు. కడుపులో పుట్టినట్టుండేది కాదు, దవడల్లో, చేతుల్లో పుట్టేది. అసహ్యం ఎక్కడికీ పోలేదు, అలాగే ఉంది. అసహ్యపడుతూనే తినేదాన్ని. చద్దన్నం గిన్నెలో చెయ్యి పెట్టి నిలబడే తినేదాన్ని. నెత్తళ్ల చేపల పులుసు చల్లారి పైన జిడ్డు తెట్టు కట్టి ఉంటే వేలితో తీసి నాకేదాన్ని. బెల్లం దిమ్మ పళ్లతో కొరికితే అందులో చచ్చిన చీమలు నాలుకకు తగిలేవి. ఉమ్మేదాన్ని కాదు. తిన్నాక నా మీద నాకే రోత పుట్టేది. పెరట్లోకి వెళ్లి కక్కేదాన్ని. కాలవలో మెతుకులు తేలుతుంటే మా కోళ్లు పరుగెత్తుకొచ్చి ఏరుకు తినేవి. ఆదివారం ఆ కోళ్లలోనే ఒకదాన్ని కోసి కూర వండేవారు, నేను అదీ తినేదాన్ని.

మొహం గుండ్రంగా ఉబ్బింది. మెడ వెనక కొవ్వు దిమ్మలా లేచింది. పై పెదవి మీద మీసం లాంటి నూగు, వీపు నిండా కురుపులు. పొట్ట మీదా జబ్బల మీదా చర్మం చిట్లినట్టు ఊదారంగు చారలు పడ్డాయి. కాళ్లూ చేతులూ మాత్రం పుల్లల్లాగే ఉండేవి. ఇంత జరుగుతుంటే ఊరు ఊరంతా మెచ్చుకుంది.

"పిల్ల ఒళ్లు చేసిందండీ!"

"మొహం ఎలగ కళకళలాడతందో సూడండి."

చర్చిలో కృతజ్ఞత ప్రార్థన కూడా పెట్టారు. ఆ రోజు పెట్టిన పలావు నేను ఎంత తిన్నానో తల్చుకుంటే ఇప్పటికీ నోరు చేదవుతుంది. పెద్దత్త జబ్బ పిసికి, "ఇప్పుడు మనిషిలాగుంది" అంది. ఆమె వేళ్లు పడ్డచోట చర్మం కమిలిపోయి నాలుగు రోజులకు గాని మామూలవలేదు.

ఇంటర్లో చేరి కొన్ని నెలలయ్యాక ఆ మాత్రలు మానేస్తానని అమ్మను అడిగాను. "మానీస్తే మళ్లీ ఎండిపోతావే తల్లీ" అంది. పాయకరావుపేట వెళ్లొచ్చిన దగ్గర్నుంచీ ఆమె నాతో గట్టిగా మాట్లాడటం మానేసింది. ఆ రోజు కూడా బతిమాలుతున్నట్టే అంది. నేను విన్నట్టుగా తల ఊపి, ఆ మర్నాటి నుంచీ మాత్రను నాలుక కింద పెట్టుకుని, పెరట్లోకి వెళ్లి ఉమ్మేయడం మొదలుపెట్టాను. నా ఒళ్లు నాకు తిరిగి రావాలి, అంతే నా ఆలోచన.

కొద్దిరోజులకే లేచి నిలబడలేకపోయాను. కాలేజీలో కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ జరుగుతుండగా వాంతి అయింది, ఆపైన కళ్లు తిరిగి పడిపోయాను. ఊళ్లో ఆస్పత్రిలో సెలైను ఎక్కించి, తేలక, విశాఖపట్నం పెద్దాస్పత్రికి పంపారు. వార్డులో పక్క మంచం కింద ఎవరో తిని పెట్టిన టిఫిన్ గిన్నె చుట్టూ ఈగలు ముసిరి ఉండటం నాకు గుర్తున్న మొదటి దృశ్యం.

అక్కడ గ్రంథుల జబ్బులు చూసే డాక్టరమ్మ ఒకామె వచ్చింది. ఏం మందులు వాడుతున్నారని అడిగితే అమ్మ పొట్లం తీసి చూపించింది. ఆమె ఒక మాత్ర అరచేతిలో వేసుకుని చూసి, నా మొహం చూసి, నా చొక్కా అంచు కొంచెం ఎత్తి పొట్ట మీద చారలు చూసింది.

"ఇవి బలం మాత్రలు కాదమ్మా. చూస్తే తెలిసిపోతోంది, స్టెరాయిడ్లు. కిడ్నీల పైన చిన్న గ్రంథులుంటాయి. ఒంటిని నిలబెట్టే హార్మోను అవి తయారుచేస్తాయి. బయట నుంచి రోజూ పోస్తుంటే అవి పని మానేసి కూర్చుంటాయి. మీ అమ్మాయి మాత్రలు ఒక్కసారిగా ఆపేసినట్టుంది. లోపల హార్మోను చేసే దిక్కు లేక పడిపోయింది."

"మరి ఆ తిండండీ?" అంది అమ్మ. "గిన్నెలకి గిన్నెలు తినీసేది."

"ఆ ఆకలీ మందు పుట్టించిందే."

అమ్మ గొంతు తగ్గించి, "అంతకుముందు నెల రావడం మానేసిందండీ" అంది.

"తినకపోతే రాదమ్మా. ఈ ఒంటికి బతకడమే కష్టంగా ఉంది, ఇంక బిడ్డను మోసే ఏర్పాటు ఎందుకని మెదడు ఆ హార్మోన్లను ఆపేస్తుంది. చలెయ్యడం, జుట్టు ఊడటం, అన్నీ పొదుపే."

ఆ తర్వాత నా వైపు తిరిగి, "ఎందుకు తినలేదు?" అని అడిగింది. అన్నేళ్లలో ఆ ప్రశ్న నన్ను అడిగిన మొదటి మనిషి ఆమె.

"అసహ్యమండీ" అన్నాను.

"తిండంటేనా?"

నేను పక్క మంచం కింది గిన్నె వైపు చూశాను. ఆమె గుచ్చి అడగలేదు.

"ఆకలైందని చెప్పడానికీ, చాలు నిండింది అని చెప్పడానికీ కూడా హార్మోన్లున్నాయి. ఎక్కువకాలం కడుపు మాడిస్తే వాటి కబుర్లు తారుమారవుతాయి. అప్పుడు తినాలన్నా తినలేరు. మొదలెట్టించింది మాత్రం హార్మోన్లొక్కటే అని నేను చెప్పలేను. మీ ఇంట్లో, మీ వీధిలో ఏమన్నారో నాకేం తెలుసు?"

ఆమె మంచిదే. నిజం చెప్పింది, నా ప్రాణం నిలబెట్టింది. మర్నాడు పొద్దున ఆమే మెడికల్ స్టూడెంట్లను వెంటేసుకుని నా మంచం చుట్టూ నిలబెట్టింది. నా పొట్ట మీద చారలు చూపించి, మెడ వెనక దిమ్మను పెన్నుతో తాకి, నా మీద ఇంగ్లీషులో పాఠం చెప్పింది. చంద్రుడిలాంటి మొహం అన్న మాట నాకు అర్థమైంది. ఒక అమ్మాయి నా పొట్ట చూసి వెంటనే తన చున్నీ సర్దుకుంది. దుప్పటి లాక్కోవడానికి నా చేతికి సెలైను సూది అడ్డమొచ్చింది. గోడ వైపు చూస్తూ పడుకున్నాను. ఆ గోడ మీద ఎవరో వేలితో పులిమిన తమలపాకు సున్నం ఉంది.

డిశ్చార్జి అయి నర్సీపట్నం వచ్చిన రోజు నాన్న ఇంటికి రాకుండా నన్ను వెంటబెట్టుకుని నేరుగా ఆ వీధి చివరి గదికి వెళ్లాడు. జనం బెంచీ మీద వరసగా కూర్చుని ఉన్నారు. నాన్న పొట్లం బల్ల మీద పెట్టాడు.

"ఏటండీ ఇవి?"

ఆయన కంగారు పడలేదు. నా వైపు చూసి నవ్వాడు.

"బలానికి అడిగారు, బలానికి ఇచ్చాను. వచ్చిందా లేదా? పాప మొహం సూడండి, సెందురుడిలాగ లేదూ!"

"నా కూతురు సచ్చిపోయీదండీ!"

"అలగనకండి బాబూ. నా చేతి మీదుగా ఎంతమంది బాగుపడ్డారో ఈళ్లనడగండి."

బెంచీ మీద ఒక ముసలావిడ అప్పటికే జబ్బ మీంచి చీర తొలగించుకుని ఉంది. "ఆ సూదేదో బేగి ఏసీసి మాటాడుకోండి బాబూ, నాను ఎల్లాల" అంది. ఆయన నిజంగానే సిరంజి తీశాడు. మా ఎదురుగానే, వేడినీళ్ల గిన్నెలో ఊరికే ముంచి తీసి, ఆవిడకు గుచ్చాడు. నాన్న పిడికిళ్లు బిగుసుకున్నాయి గానీ చెయ్యెత్తలేదు. వీధిలోకి వచ్చి కాండ్రించి ఉమ్మాడు. ఆ గది మూతపడలేదు. నేను డిగ్రీ ముగించేదాకా ఆ దారిన వెళ్తే బెంచీ నిండుగానే కనబడేది.

డాక్టరమ్మ మాత్రలను కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పించింది. వాపు దిగడానికి చాలాకాలం పట్టింది. తిండి సంగతి అంత తొందరగా తేలలేదు. కొన్నాళ్లు ఏమీ దిగేది కాదు, కొన్నాళ్లు ఆగేది కాదు. మనసుకు వైద్యం చేసే డాక్టరు దగ్గరికి కూడా ఆమె పంపింది. పెద్దత్త, "పిల్లకి పిచ్చని ఊరంతా అనుకుంటారు" అని గోల చేసినా నాన్న నెలకోసారి నన్ను బస్సెక్కించి తీసుకెళ్లాడు. నేను ఆ డాక్టరుకు చెప్పిన ఏదో మాట నాన్నకు చేరినట్టుంది, మూలుగు పీల్చే చప్పుడు గురించి. ఆ తర్వాత నుంచి ఆయన కంచం పట్టుకుని అరుగు మీదకు వెళ్లి, వీపు మా వైపు పెట్టి తినేవాడు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అమ్మ వడ్డించి, లేచి మిషను దగ్గరికి వెళ్లేది. నా కంచంలోకి ఎవరూ చూడని ఇంట్లో నేను మెల్లగా తినడం నేర్చుకున్నాను. ఇరవయ్యో ఏడు వచ్చేసరికి నెలసరి కుదురుకుంది. దాన్ని చూసి నాకేమీ సంతోషం కలగలేదు, మళ్లీ ఆ రోత మొదలైందే అనిపించింది. కానీ ఈసారి పారిపోవాలనిపించలేదు.

ఒకసారి పెద్దత్త వచ్చి, "అయ్యో, మళ్లీ తగ్గిపోయిందేటే" అని చెయ్యి చాచబోతే అమ్మ మిషను ఆపింది.

"దాని ఒంటి మాట ఈ ఇంట్లో ఎత్తకండి ఒదినగారూ."

పెద్దత్త ఆ పూట భోజనం చెయ్యకుండానే యలమంచిలి బస్సెక్కింది.

రెండువేల సంవత్సరం దాటాక, నేను డిగ్రీ చివరి ఏడులో ఉండగా, అమ్మ గొంతు బొంగురుపోయింది. ఎండలో కూడా భుజాల మీద కొంగు కప్పుకునేది. కనుబొమ్మల చివర్లు రాలిపోయాయి, పాదాలు ఉబ్బాయి. మనిషి ఇంకా లావైంది. చలి అనగానే నాకు భయమేసింది. ఇంకొకరి కంచం వైపు చూడకూడదని నేను పెట్టుకున్న నియమాన్ని తప్పి ఆమె ఏం తింటోందో గమనించాను. ఆమె దాదాపు ఏమీ తినడం లేదు. నేనే బయలుదేరదీసి ఆ డాక్టరమ్మ దగ్గరికే తీసుకెళ్లాను. రక్తపరీక్ష చేసి థైరాయిడ్ అంది, చాలా ఏళ్లుగా ఉండి ఉంటుందని కూడా అంది.

"మెడలో గ్రంథి సరిగ్గా పనిచెయ్యట్లేదమ్మా. తక్కువ తిన్నా ఒళ్లొస్తుంది."

అమ్మ ఆమె మొహంలోకి చూసింది.

"అంటే తినీసి కాదా అండీ?"

"కాదమ్మా."

అమ్మ మళ్లీ అడిగింది. "నాను తిండిపోతుని కాదా?"

డాక్టరమ్మ కాదంటూ తల అడ్డంగా ఊపి మందు రాసింది. అమ్మ ఆ కాగితం అందుకోకుండా, ఆ మాత్ర పేరేమిటో, ఒంట్లోకి వెళ్లి ఏం చేస్తుందో, ఆపితే ఏమవుతుందో అన్నీ అడిగి తెలుసుకుంది. నాచేత తిరిగి చెప్పించుకుంది. అప్పుడు తీసుకుంది.

బస్టాండుకు నడుస్తూ చెప్పింది. "పెళ్లయిన కొత్తలోనే మీ పెద్దత్త నన్ను మంచానికి పట్టదంది. ఆ దగ్గర్నుంచి మీ అందరి ముందూ నాను కడుపునిండా తిన్లేదే. మీరు లేచిపోయాక గిన్నెల అడుగు మాడు గీక్కుని తినీదాన్ని, ఎవులైనా వస్తారేమోనని తలుపేపే సూసుకుంటూ. కూడంటేనే రోత నాకు."

ఒకే వంటింట్లో ఇద్దరం, ఒకరికి తెలియకుండా ఒకరం, అదే పని చేశామన్నమాట. జబ్బ పిసికే వేళ్లూ, బెంచీ మీద వరస, చర్చిలో పలావు, అన్నీ ఒక్కసారి గొంతు దాకా వచ్చాయి.

బస్సుకు ఇంకా టైముంది. పక్కనే హోటల్లోకి వెళ్లాం. బల్ల మీద తడిగుడ్డ వాసన, గ్లాసు అంచుకు ఎవరిదో లిప్‌స్టిక్ మరక. గ్లాసు మార్చమన్నాను. అమ్మ ఎప్పటిలాగే గోడ వైపు మొహం పెట్టి కూర్చోబోయి, ఆగి, కుర్చీ ఇటు తిప్పుకుంది. అట్టు తింది. మెల్లగా, అందరూ చూసేలా తింది. సర్వరు బిల్లు తెస్తానంటే చెయ్యెత్తి ఆపింది.

"ఇంకో అట్టు తే బాబూ. నాకే."